1942 నాటి పద్ధతిలో అట్లాంటిక్‌లో యు-బోట్ జాడ తీయడం ఎలా?

యు-బోట్లంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ జలాంతర్గాములు. కావలసినవి: పెద్ద మ్యాపు, గుండుసూదులు, దారం, కోణమాని, పెన్సిలు. లండన్‌లో బ్రిటిష్ నౌకాదళ కార్యాలయమైన అడ్మిరల్టీలో సబ్‌మెరైన్ ట్రాకింగ్ రూమ్ అని ఒకటుండేది. దాన్ని నడిపిన రోజర్ విన్ బారిస్టరు, నావికుడు కాదు. సాక్ష్యం తూచడం అలవాటైన మనిషి కాబట్టే ఈ పని ఆయనకు అంత బాగా అబ్బిందని నా ఉద్దేశం.

1. శత్రువు నోరు విప్పేదాకా ఆగండి. జర్మన్ అడ్మిరల్ డోనిట్జ్ యు-బోట్లను ఒడ్డు నుంచే నడిపించేవాడు. కాన్వాయ్ (కాపలాతో కలిసి సాగే సరుకు ఓడల గుంపు) కంటపడితే అవి వైర్‌లెస్‌లో కబురు పెట్టాల్సిందే. సందేశం అర్థం కాకపోయినా, అది వచ్చిన దిక్కు చాలు.

2. ఐస్‌లాండ్‌లో ఒక కేంద్రం, స్కాట్లండ్‌లో ఇంకొకటి ఆ దిక్కును కొలిచాయనుకోండి. రెండు చోట్ల నుంచీ దారాలు లాగండి. అవి కలిసిన చోటే సూది గుచ్చేద్దామనిపిస్తుంది, తొందరపడకండి. కొలత 2 డిగ్రీలు తప్పినా 1000 మైళ్ల దూరంలో తేడా 35 మైళ్లు. మూడో దారం కలిపితే చాలాసార్లు ఒక బిందువుకు బదులు త్రికోణం వస్తుంది. (గోడ మీది స్కూలు మ్యాపు దీనికి పనికిరాదు. భూమి గుండ్రం కదా, భూగోళం మీది అతి దగ్గరి దారిని సరళరేఖగా చూపే గ్నోమోనిక్ మ్యాపు మీదైతేనే దారం తిన్నగా లాగొచ్చు.)

3. కబురు రాకపోయినా లెక్క ఆపకండి. యు-బోట్ ఎక్కువగా నీటి పైనే ప్రయాణించేది, మునిగితే బ్యాటరీ మీద నత్తనడకే. గంటకు 10 నాటికల్ మైళ్లనుకుంటే రోజుకు 240, అంటే 4 డిగ్రీల అక్షాంశం. ఎటు పోతోందో తెలియదా? 240 మైళ్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. మూడు రోజులు మౌనంగా ఉంటే వెతకాల్సిన నీళ్లు తొమ్మిదింతలు.

4. ఆ వృత్తాన్ని కోసుకుంటూ రండి. 1942 ఫిబ్రవరి 1న అట్లాంటిక్ యు-బోట్లు సందేశాలను రహస్య లిపిలోకి మార్చే ఎనిగ్మా యంత్రానికి నాలుగో చక్రం చేరింది. డిసెంబర్ దాకా ఆ సందేశాలు బ్రిటిష్ వారి రహస్య లిపి ఛేదన కేంద్రమైన బ్లెచ్లీ పార్క్‌కు దాదాపు కొరకరాని కొయ్యలే. అయితే రేవుల దగ్గరి రాకపోకల సందేశాలకు వేరే రహస్య లిపి తాళం వాడేవారు, దాన్ని చదవగలిగేవారు. యు-బోట్ బయల్దేరిన రోజు తెలిస్తే దాని డీజిల్ నూనె ఎన్నాళ్లొస్తుందో అంచనాకొస్తుంది, తిరుగుదారి ఎప్పుడు పట్టాలో కూడా.

5. కాన్వాయ్‌ని ఆ వృత్తం అంచు దాటించి మళ్లించండి.

6. దాడి తర్వాత నీళ్ల మీద నూనె తేలిందని, యు-బోట్ నాశనమైందనుకుని సూది పీకేయకండి. మునిగిన శత్రువు నూనె వదిలి ఏమార్చనూ వచ్చు. రేవుకు చేరినట్టు కబురు లేదు, నూనె అయిపోయే గడువూ దాటింది, అప్పుడు తీయండి.