గేర్ సైకిల్‌లో గేర్లు జారుతుంటే ఇంట్లోనే ఎలా సరిచేయాలి?

గేర్ సైకిల్ కొన్న రెండు నెలలకే గేరు సరిగా పడదు, తొక్కుతుంటే వెనక టకటకమంటుంది. గేర్లు పాడైపోయాయని కంగారు పడకండి. చాలాసార్లు కొత్త కేబుల్ సర్దుకుని కాస్త వదులవుతుంది, అంతే.

1. ముందు చూడండి. సైకిల్ ఎప్పుడైనా కుడివైపుకి పడిందా? వెనక నిలబడి డిరైలర్‌ని (చైన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) గమనించండి. దాని రెండు బుల్లి చక్రాలు పైనున్న పళ్లచక్రానికి తిన్నగా కింద ఉండాలి. లోపలికి వాలితే హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క) వంగినట్టే. అది షాపువాళ్ల పని. అలాగే తొక్కితే, చైన్ పెద్ద పళ్లచక్రం మీదున్నప్పుడు డిరైలర్ వెళ్లి స్పోకుల్లో ఇరుక్కోవచ్చు.

2. కేబుల్ బిగించండి. ఎవరినైనా సీటు పట్టుకుని వెనక చక్రం పైకి లేపమనండి. చేత్తో పెడల్ తిప్పుతూ చైన్‌ని అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి తెండి. ఇప్పుడు గేరు ఒక్క క్లిక్ వేయండి. చైన్ రెండోదాని మీదికి ఎక్కకుండా మొరాయిస్తే కేబుల్ వదులుగా ఉందన్నమాట. డిరైలర్‌లోకి కేబుల్ దూరే చోట గాట్లున్న చిన్న మర ఉంటుంది (కొన్ని సైకిళ్లకు హ్యాండిల్ దగ్గర). దాన్ని విప్పే వైపు సగం చుట్టు తిప్పండి, అలా తిప్పితేనే కేబుల్ బిగుస్తుంది. మళ్లీ చిన్నదానికి వచ్చి క్లిక్ వేసి చూడండి. చైన్ రెండోదాని మీదే ఉండి మూడోదానికి రాసుకుంటుంటే ఎక్కువ బిగించారు, పావు చుట్టు వెనక్కి తిప్పండి. చప్పుడు ఆగేదాకా ఇంతే.

డిరైలర్ మీద హెచ్, ఎల్ అని రెండు స్క్రూలుంటాయి. వాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి. చైన్ అటూ ఇటూ ఎంతవరకు పోవాలో ఆపడమే వాటి పని. మొదటిసారి నేను నేరుగా వాటినే తిప్పాను, చైన్ పోయి స్పోకుల మధ్య పడింది. దాన్ని లాగేసరికి సాయంత్రం అయింది.

3. డిస్క్ బ్రేక్ రాసుకుంటుంటే కాలిపర్ (డిస్క్‌ని నొక్కి పట్టే భాగం) బోల్టులు రెండూ 5 ఎం.ఎం. ఎలెన్ కీతో కొంచెం వదులు చేయండి. బ్రేక్ లివర్ గట్టిగా పట్టుకుని, వదలకుండానే బోల్టులు బిగించండి. చైన్‌కి ఆయిల్ వేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. డిస్క్ మీద చుక్క పడినా బ్రేక్ పట్టదు. స్ప్రే కన్నా చుక్కలుగా వేసి, పైపైన గుడ్డతో తుడిచేయడం మేలు.

4. తొక్కినప్పుడల్లా ఎడమ క్రాంక్ (పెడల్ బిగించి ఉండే కడ్డీ) కటక్కుమంటే ఆ రోజే దాని బోల్టు బిగించండి. వదులుగానే తొక్కితే లోపలి చదరపు రంధ్రం అరిగిపోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు, క్రాంకే మార్చాలి. అన్నట్టు, క్రాంక్ బోల్టు మామూలుగానే బిగుస్తుంది కానీ ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది. దాన్ని బిగించాలంటే మామూలుగా విప్పే వైపు తిప్పాలి.