వరద ఊళ్ళలో మనసుకి ఆసరా – మూడో పాఠం: వినడం

పోయిన పాఠంలో చూడటం నేర్చుకున్నాం కదా, ఎవరికి బీపీ మాత్రలు అయిపోయాయి, ఏ పిల్లలు పెద్దవాళ్ళు లేకుండా తిరుగుతున్నారు, అవన్నీ. ఇవాళ వినడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకం చూడు, విను, కలుపు (అంటే సాయం అందించేవాళ్ళతో కలపడం) అని మూడే మాటలు చెబుతుంది. తేలికే కదా అనుకుని మనం తప్పేది ఈ రెండోదాంట్లోనే.

2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్ నగర్ తీసుకుందాం. బుడమేరు వాగు వరద నీళ్ళు తీశాక ఒకావిడ ఇంట్లో బురద ఎత్తిపోస్తోంది అనుకోండి. "ఆ రోజు ఏం జరిగిందో చెప్పండమ్మా" అని మొదలెట్టకండి. జరిగిందంతా వెంటనే చెప్పిస్తే గుండె బరువు దిగుతుందని ఒకప్పుడు అనుకునేవాళ్ళు, ఇప్పుడు అలా బలవంతాన చెప్పించొద్దంటున్నారు, కొందరికి దానివల్ల బాధ ఇంకా ముదురుతుంది. మీ పేరు, ఎందుకొచ్చారో చెప్పి "మంచినీళ్ళు అందుతున్నాయా అమ్మా? ఇప్పుడు అన్నిటికంటే ఏది ఇబ్బందిగా ఉంది?" అని అడగండి. మనం ఫ్రిజ్ అనుకుంటాం, ఆవిడ కుట్టుమిషన్ అంటుంది. లేదంటే కింది ఇంటికి 25 వేలు, పై అంతస్తుకి 10 వేలు అన్న పరిహారం లిస్టులో తన పేరు రాలేదని తిడుతుంది. తిట్టనివ్వండి, ఆ కోపం మీ మీద కాదు.

"పోన్లేమ్మా, ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు" అనే మాట నోటిదాకా వస్తుంది. మింగెయ్యండి. ఇక ఏడుపు ఆపు అన్నట్టే వినిపిస్తుంది అది. బదులుగా ఆవిడ మాటే పట్టుకోండి: "మిషన్ మీదే ఇల్లు గడిచేదా అమ్మా?" లిస్టులో పేరు ఎక్కిస్తానని మాత్రం అనకండి, అది మన చేతిలో లేదు. ఆవిడ అసలు మాట్లాడకపోతే చీపురు అందుకోండి. ఫోన్ జేబులోనే ఉంచండి, వీడియోలు తీసేవాళ్ళు ఎలాగూ వస్తారు.

ఎవరైనా చచ్చిపోవాలనుందంటే మాత్రం వాళ్ళని ఒంటరిగా వదిలి రావద్దు, పక్కనే ఉండి మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కి కలపండి, 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. మిగతాది 'కలపడం' పాఠంలో.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఎవరి కష్టమైనా అయిదు నిమిషాలు సలహా ఇవ్వకుండా వినండి. మొదటిసారి నేను రెండో నిమిషంలోనే "అది కాదక్కా, నా మాట విను" అనేశాను.