క్రీడా తగాదా: కోర్టుకా, మధ్యవర్తి దగ్గరికా?

ముందు మీరు సంతకం పెట్టిన కాగితాలు బయటికి తీయండి. అకాడమీ ఒప్పందం, టోర్నీ ఎంట్రీ ఫారం, సంఘం నియమావళి, మూడింట్లోనూ ఆర్బిట్రేషన్ షరతు, అంటే తగాదాను కోర్టు బదులు మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) తేల్చాలన్న షరతు వెతకండి. ‘ఆర్బిట్రేషన్‌కు పంపవచ్చు’ అని ఉంటే దానికి బలం లేదు; ‘పంపాలి’ అని ఉండాలి. షరతు ఉన్నా అవతలివాళ్లు తిరుపతి సివిల్ కోర్టులో దావా వేశారనుకోండి, మీ మొదటి జవాబు దాఖలయ్యేలోపే 1996 ఆర్బిట్రేషన్ చట్టం 8వ సెక్షన్ కింద అర్జీ పెట్టాలి. చాలామంది జారిపోయేది ఇక్కడే: రిటన్ స్టేట్‌మెంట్ (దావాకు రాతపూర్వక జవాబు) వేసేశాక షరతు గుర్తొస్తుంది.

కొత్తగా రాసుకునేవాళ్లు ఒక్కరే ఆర్బిట్రేటర్, సీటు (ఆర్బిట్రేషన్‌కు చట్టపరమైన కేంద్రం) తిరుపతి, భాష తెలుగు అని స్పష్టంగా రాయండి. సీటు రాయకపోతే ఏ కోర్టుకు వెళ్లాలన్నదాని మీదే నెలలు గడిచిపోతాయి. ఆర్బిట్రేటర్‌ను అకాడమీ యజమానే నియమిస్తాడంటే ఒప్పుకోవద్దు. వివాదంలో ఉన్నవాడే ఏకైక ఆర్బిట్రేటర్‌ను పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది.

ఇక ఖర్చు. 5 లక్షల వరకు క్లెయిముకు చట్టం నాలుగో షెడ్యూలు చూపే నమూనా ఫీజు 45,000 రూపాయలు, ఆర్బిట్రేటర్ ఒక్కరే అయితే ఇంకో 25 శాతం. 80 వేల కోచ్ జీతం బాకీకి 56,250 పెట్టడమంటే కొండను తవ్వి ఎలుకను పట్టడమే. అలాంటివాటికి చిత్తూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇచ్చి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పెట్టించుకోండి. కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదిరితే ఆ అవార్డు (లోక్ అదాలత్ ఇచ్చే తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు.

అవతలివాడు రానంటే మాత్రం లోక్ అదాలత్ చేయగలిగింది లేదు. మాటల్లో పడి కాలం గడిస్తే బాకీ దావాకున్న 3 ఏళ్ల గడువూ దాటిపోతుంది. అందుకే గడువులోపే బాకీ ఒప్పుకుంటూ సంతకంతో ఉత్తరం రాయించుకోండి, గడువు మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. ఆర్బిట్రేషన్ షరతు ఉంటే, తగాదాను ఆర్బిట్రేషన్‌కు పంపమని కోరే 21వ సెక్షన్ నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అది అవతలివాళ్లకు అందిన రోజు నుంచే ఆర్బిట్రేషన్ మొదలైనట్టు లెక్క.

జట్టు ఎంపిక గొడవ వేరు. పోటీ వచ్చే వారమే అయితే రాజీ మాటలు కట్టిపెట్టి, సంఘానికి ఆ రోజే ఈమెయిల్‌లో అప్పీలు పెట్టి, అమరావతి హైకోర్టులో రిట్‌కు (నేరుగా హైకోర్టులోనే వేసే అర్జీకి) సిద్ధం కండి. క్రికెట్ బోర్డు రాజ్యాంగం ప్రకారం ‘రాజ్యం’ (ప్రభుత్వంలో భాగం) కాకపోయినా 226వ అధికరణ కింద రిట్ వేసే దారి ఉందని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. ఎవరు బాగా ఆడారన్నది జడ్జి తేల్చరు, నిబంధన తప్పారా అన్నదే చూస్తారు. కాబట్టి సెలక్షన్ సర్క్యులర్, మార్కుల షీటు జతచేయకపోతే రిట్ నిలవదు.

డోపింగ్‌కు దారి వేరే: నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) క్రమశిక్షణ ప్యానెల్, ఆపైన అప్పీల్ ప్యానెల్. అంతర్జాతీయ స్థాయి అథ్లెట్లయితే స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో ఉన్న కోర్ట్ ఆఫ్ ఆర్బిట్రేషన్ ఫర్ స్పోర్ట్. అక్కడ సాధారణంగా నిర్ణయం అందిన 21 రోజుల్లో అప్పీలు పడాలి. వాదనల పత్రానికి ఆ గడువు ముగిశాక మరో 10 రోజులే.

లైంగిక వేధింపులు, దొంగ వయసు సర్టిఫికెట్లు రాజీకి, ఆర్బిట్రేషన్‌కు లొంగే విషయాలు కావు. సంఘం పెద్దలు పిలిచి సర్దుకుపొమ్మన్నా వినకుండా పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి.