చర్చిలో చలికి హీటర్ కొనే ముందు

చలికాలంలో ఆదివారం ఆరాధనకు వచ్చిన పెద్దవాళ్లు కోటు విప్పకుండా, చేతులు చంకల్లో దాచుకుని కూర్చోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, వెంటనే నీళ్లు కాచి చర్చంతా వేడిచేసే పెద్ద బాయిలర్ పెట్టించేద్దాం అనిపిస్తుంది. కాస్త ఆగండి. ముందు ఒక కాగితం తీసుకుని మీ చర్చిని వారంలో ఎన్ని గంటలు వాడతారో, ఒక్కోసారి ఎంతమంది వస్తారో, ఏ వరుసల్లో కూర్చుంటారో రాయండి. ఏ హీటింగ్ పెట్టాలో చాలావరకు ఈ లెక్కే తేల్చేస్తుంది.

వారానికి రెండు మూడు గంటలే వాడుతుంటే గాలిని వేడిచేసే ఆలోచన మానేయండి. వేడి గాలి పైకి పోతుంది కదా, అంత ఎత్తు కప్పు కింద తెల్లవారుజాము నుంచి బాయిలర్ నడిపినా ముందు వెచ్చబడేది దూలాలే, కింద కూర్చున్నవాళ్ల పాదాలు మాత్రం చల్లగానే ఉంటాయి. మనిషిని వెచ్చగా ఉంచితే చాలు. బెంచీల కింద బిగించే కరెంటు హీటర్లు, కూర్చునే చోట పరిచే హీటెడ్ కుషన్లు, పైనుంచి వేలాడుతూ ఎండలా నేరుగా మనిషికే వేడి తగిలించే ఇన్‌ఫ్రారెడ్ హీటర్లు ఉన్నాయి, ఇవి స్విచ్ వేసిన కాసేపటికే పని మొదలుపెడతాయి, జనం లేని వరుసల్లో ఆపేసుకోవచ్చు. నా ఓటు కుషన్లకే, ఎందుకంటే ఒక్కో మనిషికి కొన్ని పదుల వాట్లు సరిపోతాయి, గోడకు మేకు కూడా కొట్టక్కర్లేదు. బెంచీ హీటర్లయితే ఒక్కోటి 500 వాట్లు అనుకున్నా పది బెంచీలకు 5 కిలోవాట్లు, పాత వైరింగ్ అంత లోడు తట్టుకుంటుందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే ఆర్డర్ పెట్టండి.

రోజూ జనం వచ్చిపోయే చర్చి అయితే లెక్క మారుతుంది, అక్కడ హీట్ పంప్ మంచిది, అంటే బయటి వేడిని లాగి, లోపల పైపుల్లో తిరిగే నీళ్లకు ఎక్కించే యంత్రం. ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, అయితే నీళ్లు మరీ వేడిగా కాకుండా గోరువెచ్చన కంటే కాస్త ఎక్కువగా తిరిగినప్పుడే ఆ లాభం, కాబట్టి పెద్ద రేడియేటర్లు (వేడినీళ్లు తిరిగే లోహపు పలకలు) గానీ, నేల కింద పైపులు గానీ ఉండాలి. నేల ఎలాగూ తవ్వి బాగుచేయాల్సి వస్తే ఆ అవకాశం వదలొద్దు. ఇంగ్లండ్‌లో బాత్ నగరంలోని పాత చర్చి బాత్ అబ్బే అదే చేసింది, పక్కనే ఉన్న రోమన్ స్నానశాలల వేడి ఊట నుంచి బయటికి పోయే నీళ్లలోని వేడిని పట్టి నేల కింద పైపుల్లోకి మళ్లించారు. ఊట 45 డిగ్రీల దాకా ఉంటుంది, అది అందరికీ దొరకదు గానీ గాలిలో, భూమిలో ఉన్న వేడిని తీసుకునే పంపులు చాలాచోట్ల పెట్టుకోవచ్చు.

ఒకటి మాత్రం వద్దని గట్టిగా చెబుతాను: పొగగొట్టం లేని గ్యాస్ హీటర్. కిలో గ్యాస్ కాలితే కిలోన్నర పైచిలుకు నీటి ఆవిరి లోపలే ఉండిపోతుంది, అది చల్లటి గోడలకు పట్టి బూజు పెడుతుంది, గోడల మీది బొమ్మలు పాడవుతాయి. దీనికి ఎదురు ఇబ్బంది కూడా ఉంది, గాలిని ఒక్కసారిగా బాగా వేడిచేస్తే తేమ తగ్గి చర్చిలో వాయించే ఆర్గన్ వాద్యం చెక్క బీటలు వారుతుంది. ఆర్గన్ దగ్గర తేమ కొలిచే చిన్న మీటరు పెట్టి, చలికాలమంతా అంకెలు రాసుకోండి.

ఏది కొన్నా కొనకపోయినా వాననీటి గొట్టాలు శుభ్రం చేయించండి, తడిసిన గోడ పొడిగోడ కంటే వేడిని ఎక్కువగా బయటికి వదిలేస్తుంది. తలుపు సందులు మూసి, లోపల మందపాటి కర్టెన్ వేసి, రాతినేల మీద కాళ్ల కింద చెక్క పలకలో కార్పెట్టో పరచండి. భవనం పురాతనమైనదైతే అనుమతులు ముందే తీసుకోవాలి.

ఆ తర్వాత ఒక్క వరుసకే కుషన్లు తెచ్చి మూడు ఆదివారాలు వేసి చూడండి. అందరికంటే చలికి ఎక్కువ వణికే పెద్దవాళ్లను అక్కడ కూర్చోబెట్టి, ప్రార్థన అయ్యాక ఎలా ఉందని వాళ్లనే అడగండి.