తిన్నది ఒంటబట్టని కుక్క: కారణం కనుక్కోవడం ఎలా?

రోజూ కళ్లెదుట తిరిగే కుక్క చిక్కిపోతోందని అందరికన్నా ఆలస్యంగా తెలిసేది ఇంట్లోవాళ్లకే. చాలా నెలల తర్వాత వచ్చిన చుట్టం గుమ్మంలోనే ఆగి, "ఇదేమిటి, ఇలా అయిపోయింది?" అంటే అప్పుడు ఉలిక్కిపడతాం. మెడ బెల్టు చూస్తే రెండు రంధ్రాలు లోపలికి బిగించి ఉంటుంది. బిగించింది మనమే.

మా ఆడకుక్క విషయంలో అచ్చంగా ఇలాగే జరిగింది. దాని జబ్బు పేరు తెలియడానికి ఐదు నెలలు పట్టింది. అందులో సగం కాలం మేము చేజేతులా పోగొట్టుకున్నదే. పని ఏ వరుసలో జరగాలో ముందే తెలిసి ఉంటే అంత కాలం పట్టేది కాదు.

బరువు తగ్గడం, విరేచనాలు, వాంతులు జబ్బుల పేర్లు కావు. నులిపురుగులున్నా, తిండి పడకపోయినా, క్లోమం, అడ్రినల్ గ్రంథులు, కాలేయం, మూత్రపిండాలు చెడినా, పేగులు వాచినా, క్యాన్సర్ వచ్చినా బయటికి కనిపించే గుర్తులు ఇంచుమించు ఇవే. డాక్టరు వీటిని ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ రావాలి. ఆ పనికి మనం సాయపడవచ్చు, తెలియక అడ్డుపడనూ వచ్చు.

అసలు ఆగకూడని పరిస్థితులు

తాగిన నీళ్లు కూడా కక్కేస్తోందా? మలం తారులా నల్లగా ఉందా, లేక రక్తం బాగా పడుతోందా? చిగుళ్లు పాలిపోయాయా? నిలబడలేక కూలబడుతోందా? పొట్ట ఉబ్బి, ఎంత డోకినా ఏమీ బయటికి రావడం లేదా? ఒక్కదానికి అవునన్నా చదవడం ఇక్కడే ఆపి ఆస్పత్రికి బయలుదేరండి. చివర చెప్పినది జీర్ణాశయం మెలిపడినప్పుడు కనిపించే గుర్తు, గంటల్లో ప్రాణం తీస్తుంది. టీకాలు పూర్తికాని కుక్కపిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పార్వో అనే వైరస్ వ్యాధిని అనుమానించి ఆ రోజే చూపించాలి.

ఇవేవీ లేకుండా వారాల తరబడి నెమ్మదిగా సాగే బాధ సంగతి ఇక చూద్దాం. మూడు వారాలు దాటిన విరేచనాలను డాక్టర్లు దీర్ఘకాలికమైనవిగా లెక్కవేస్తారు.

1. ముందు తూకం వేయండి

"తగ్గినట్టుంది" అన్న మాటతో డాక్టరుకు ఉపయోగం తక్కువ. అంకె కావాలి. చిన్న కుక్కైతే మీరు ఒక్కరే తూకం మీద నిలబడి, తర్వాత దాన్ని ఎత్తుకుని నిలబడి తేడా తీయండి. ఎత్తలేనంత పెద్దదైతే ఆస్పత్రి తూకమే దిక్కు. వారానికోసారి, అదే తూకం మీద, తిండి పెట్టకముందు చూడాలి. మనం తగ్గించాలనుకోకుండానే ఒంటి బరువులో పదోవంతు పోయిందంటే, అంటే 20 కిలోల కుక్క 18 కిలోలకు వచ్చిందంటే, కారణం వెతకాల్సిందే.

బొచ్చు దట్టంగా ఉన్న కుక్కను చూసి కన్ను మోసపోతుంది, వేళ్లు మోసపోవు. మీ అరచేతిని బల్ల మీద బోర్లా చాపి, వేళ్ల మొదళ్ల మీదుగా రెండో చేతి వేళ్లతో తడమండి. మంచి ఒళ్లున్న కుక్క పక్కటెముకలు అలా తగలాలి. ఇప్పుడు పిడికిలి బిగించి కణుపుల మీద తడమండి. కుక్క డొక్కలు ఇలా తగిలితే చిక్కిపోయినట్టే. వెన్నెముక పక్కన, తొడల దగ్గర, నెత్తి మీద కండ కరిగిందేమో కూడా చూడండి. డాక్టర్లు ఒంటి స్థితికి 1 నుంచి 9 దాకా అంకె వేస్తారు. మామూలుగా 4, 5 ఉండాలి.

అది నిజంగా ఎంత తింటోందో కూడా కొలవండి. ఆబగా తింటూ తగ్గడం వేరు, ఆకలి చచ్చి తగ్గడం వేరు, తినాలని గిన్నె దగ్గరకు వచ్చి నమలలేక వెనుదిరగడం వేరు. మొదటి రకంలో క్లోమం, మధుమేహం, పురుగులు, పేగుల జబ్బు గుర్తుకొస్తాయి. మూడో రకంలో ముందు నోరు తెరిచి పళ్లు చూస్తారు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు తిండి పెడుతుంటే, ఎవరు ఎంత పెడుతున్నారో కూర్చుని లెక్క తీయండి. ఒక్కోసారి జబ్బే ఉండదు, తిండే చాలదు.

2. నోటుపుస్తకం పెట్టండి

నన్నడిగితే ఈ వ్యాసంలో మిగతావి మరిచిపోయినా ఇది మాత్రం మరవకండి. తేదీ, తిన్నది, మలం, వాంతి, ఉత్సాహం, ఆ రోజు ఇంట్లో జరిగిన విశేషం రాస్తే చాలు.

మా పుస్తకంలో చివరి గడి నా భార్య పట్టుబట్టి గీసినది. నాకు అది చాదస్తంగా తోచింది. ఆరు వారాల తర్వాత మా డాక్టరు పేజీలు తిప్పుతూ ఆ గడి దగ్గరే వేలు ఆపారు. విరేచనాలైన రోజులకు ముందు వరుసగా ఏమున్నాయో చూడండి: "చుట్టాలు వచ్చారు", "రోజంతా ఒంటరిగా ఉంది", "పెద్ద గాలివాన". కుక్క కలవరపడిన ప్రతిసారీ మర్నాడు కడుపు చెడింది, ఆ తర్వాత దానంతటదే సర్దుకుంది. అలా వచ్చి పోయే రోగమంటే అడిసన్ వ్యాధిని తలుచుకోవాలని ఆయన అన్నారు. ఈ వ్యాధిలో అడ్రినల్ గ్రంథులు తగినంత కార్టిసాల్ అనే హార్మోను తయారుచేయలేవు, అందుకే ఒత్తిడిని ఒళ్లు తట్టుకోలేదు.

మలం గురించి రాయడానికి మొహమాటపడకండి. పరిమాణం ఎక్కువగా, రోజుకు రెండు మూడు సార్లే అవుతూ, బరువు తగ్గుతుంటే బాధ చిన్నపేగులో ఉండే అవకాశం ఎక్కువ. కొంచెం కొంచెంగా పదేపదే వెళ్తూ, ముక్కుతూ, బంక, ఎర్రని నెత్తురు చారలు కనిపిస్తుంటే పెద్దపేగు వైపు చూస్తారు. పెద్దపేగు జబ్బులో బరువు అంతగా తగ్గదు. పాలిపోయి, జిడ్డుగా, కుప్పలా పడే మలమైతే క్లోమాన్ని అనుమానించాలి. తన మలం తానే తినడం కూడా ఆ జబ్బులో ఉంటుంది.

వాంతిని కూడా సరిగ్గా గుర్తుపట్టాలి. డొక్కలు ఎగరేసి, డోకి డోకి కక్కితే అది వాంతి. తలవంచగానే అరగని తిండి ఏ శ్రమా లేకుండా జారి పడితే అది అన్నవాహిక బాధ. రెండింటికీ పరీక్షలు వేరు. మాటల్లో చెప్పలేకపోతే ఫోనులో వీడియో తీయండి, అది చాలు.

నీళ్లూ కొలవండి. రోజులో కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ తాగుతున్నట్టు లెక్క. అప్పుడు మూత్రపిండాలు, మధుమేహం వైపు కూడా వెతకాలి.

3. డాక్టరును చూసేదాకా సొంత వైద్యం వద్దు

మనుషుల నొప్పి మాత్రలు కుక్కలకు విషం కాగలవు, ఐబుప్రోఫెన్ మరీ ముఖ్యంగా. విరేచనాలు కట్టే లోపరమైడ్ కోలీ లాంటి కొన్ని జాతులకు జన్యు లోపం వల్ల ప్రమాదకరం. రెండు రోజులకోసారి తిండి మార్చడం ఇంకో పొరపాటు. దేనివల్ల తగ్గిందో, దేనివల్ల పెరిగిందో ఇక ఎవరికీ అంతుచిక్కదు.

4. మొదటిసారి వెళ్లేటప్పుడు

నోటుపుస్తకం, తిండి పొట్లం ఫొటో, ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు, టీకాల కార్డు, తాజా మలం నమూనా తీసుకెళ్లండి. కుక్కను పరగడుపున తీసుకురావాలా అని ముందే ఫోను చేసి అడగండి. కొన్ని రక్తపరీక్షలకు అది అవసరం.

ఒక్క మలపరీక్షలో ఏమీ కనిపించలేదని నిశ్చింతగా ఉండకూడదు. పేగుల్లో చేరే జియార్డియా అనే సూక్ష్మ పరాన్నజీవి ప్రతిరోజూ మలంలో పడదు, అందుకే రోజు విడిచి రోజు మూడు నమూనాలు అడుగుతారు. కొరడా పురుగు కడుపులో చేరాక గుడ్లు పెట్టడానికి ఇంచుమించు మూడు నెలలు పడుతుంది, ఈలోగా ఎన్నిసార్లు చూసినా దొరకదు. కాబట్టి నమూనా శుభ్రంగా ఉన్నా డాక్టరు కొన్ని రోజులు ఫెన్‌బెండజోల్ అనే పురుగుల మందు ఇస్తే అది అనవసరమని అనుకోకండి.

5. రక్తం, మూత్రం ఏం చెబుతాయి?

రక్తకణాల లెక్క, కాలేయం, మూత్రపిండాలు, చక్కెర, లవణాలు, ప్రొటీన్లు, దాంతోపాటు మూత్రపరీక్ష చేయించడం తొలి మెట్టు. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే పిడుదుల ద్వారా సోకే ఎర్లీకియా అనే జబ్బు కోసం వెతుకుతారు.

ఈ కాగితాల్లో నేను ముందు చూసే అంకె రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీనుది. అది డెసిలీటరుకు 2 గ్రాముల కంటే దిగితే ప్రొటీను ఎక్కడో కారిపోతోందని గానీ, కాలేయం తయారుచేయలేకపోతోందని గానీ అర్థం. మూత్రంలో పోవడం లేదు, కాలేయం బాగుంది అంటే పేగుల్లోంచి పోతున్నట్టు. అలాంటి కుక్కకు పొట్టలో నీరు చేరవచ్చు, రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. నింపాదిగా వారాలు గడిపే వీలు ఇక లేదు.

తొలి మెట్టులో ఏమీ తేలకపోతే రెండో మెట్టు పరీక్షల గురించి మీరే పేరుపెట్టి అడగవచ్చు. క్లోమం జీర్ణరసాలు తయారుచేస్తోందో లేదో చెప్పేది టీఎల్ఐ, పరగడుపు రక్తంతో చేస్తారు. జర్మన్ షెపర్డ్ జాతిలో ఈ లోపం ఎక్కువ. అది తేలితే ప్రతి తిండిలో ఎంజైము పొడి కలిపి పెట్టాలి. బీ12, ఫోలేట్ అనే విటమిన్ల పరీక్షలు చిన్నపేగు స్థితిని చూపిస్తాయి. బీ12 తక్కువగా ఉంటే దాన్ని భర్తీ చేయందే మిగతా వైద్యం సరిగా పట్టదు. కాలేయం మీద అనుమానం ఉంటే తిండికి ముందూ, రెండు గంటల తర్వాతా పైత్య ఆమ్లాలు చూస్తారు.

ఇక కార్టిసాల్. ఇది డెసిలీటరుకు 2 మైక్రోగ్రాములు దాటితే అడిసన్ దాదాపు లేనట్టే. అంతకన్నా తక్కువైతే జబ్బు ఉందని కాదు, అడ్రినల్ గ్రంథులను పురిగొల్పే ఏసీటీహెచ్ ఇంజెక్షను ఇచ్చి గంట తర్వాత మళ్లీ చూడాలి. సోడియం, పొటాషియం సరిగ్గానే ఉన్నా ఈ జబ్బు ఉండవచ్చు. మా కుక్కకు అలాగే ఉన్నాయి, అందుకే మొదటిసారి దాన్ని ఎవరూ తలవలేదు.

6. స్టెరాయిడ్ ఇవ్వబోతే ఒక్క ప్రశ్న అడగండి

మేము సగం కాలం పోగొట్టుకున్నది ఇక్కడే. మొదట చూపించిన చోట "పేగు వాపు అయి ఉంటుంది" అని ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. రెండో రోజుకే కుక్క గంతులు వేసింది. సంబరపడిపోయి ఇక ఏ పరీక్షా చేయించలేదు. మందు ఆగాక మళ్లీ మొదటికొచ్చింది. తీరా కార్టిసాల్ పరీక్ష మాట వచ్చేసరికి, ఆ మాత్రల ప్రభావం పూర్తిగా పోయేదాకా దాన్ని వాయిదా వేయాల్సి వచ్చింది. ప్రెడ్నిసొలోన్ ఆ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేస్తుంది. పేగుల్లో లింఫోమా అనే క్యాన్సర్ ఉంటే దాన్ని కూడా కొంతకాలం కప్పిపుచ్చి, బయాప్సీని, అంటే ముక్క తీసి చూసే పరీక్షను, తప్పుదోవ పట్టిస్తుంది.

అందుకే, "ఈ మందు వల్ల తర్వాత చేయాల్సిన పరీక్ష ఏదైనా చెడుతుందా?" అని అడగండి. అడిగినందుకు మంచి డాక్టరు నొచ్చుకోరు. ప్రాణం మీదకు వచ్చినప్పుడు మాత్రం మందే ముందు, పరీక్ష తర్వాత. వాడుతున్న స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకూడదు.

మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ సంగతీ కొంత ఇలాంటిదే. నాలుగు రోజులు మలం గట్టిపడుతుంది, ఆపాక తిరగబెడుతుంది. పేగులోని మేలుచేసే సూక్ష్మజీవులనూ అది దెబ్బతీస్తుంది. మూడోసారి అదే మందు రాస్తుంటే, కారణం వెతకడం మొదలుపెడదామని మీరే అనండి.

7. తిండి పరీక్ష

కుక్క నిలకడగా ఉండి, ఆల్బుమిన్ బాగుంటే, గొట్టం దించి లోపల చూసే ఎండోస్కోపీ కన్నా ముందు ఇది చేస్తారు. ఇదివరకు ఎన్నడూ తినని ప్రొటీనుతో గానీ, ప్రొటీనును సన్నగా విడగొట్టి తయారుచేసిన హైడ్రోలైజ్డ్ తిండితో గానీ రెండు వారాలు గడపాలి. పేగులు ఆ గడువులోనే జవాబు చెబుతాయి. దీర్ఘకాలిక పేగు జబ్బున్న కుక్కల్లో సగానికి పైగా తిండి మార్పుతోనే కుదుటపడతాయి.

చెప్పడం తేలిక, ఇంట్లో నిలబెట్టడం కష్టం. రుచి కలిపిన మాత్రలు, నమిలే ఎముకలు, పిల్లాడు బల్ల కింద నుంచి అందించే బిస్కెట్టు ముక్క, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఒక్క ముక్కతో ఏమవుతుందని ఎవరైనా అంటే, మీ నోటుపుస్తకంలో ఆ ముక్కను కూడా రాయండి. ఒక రకం పనిచేయకపోతే ఇంకో రకంతో మరోసారి చూడటమూ ఉంది.

8. స్కానింగ్, బయాప్సీ

అల్ట్రాసౌండ్‌లో గడ్డలు, మింగిన వస్తువులు, పేగు గోడ మందం, వాచిన లింఫు గ్రంథులు కనిపిస్తాయి. స్కానింగ్ బాగున్నంత మాత్రాన పేగులు బాగున్నాయని కాదు. గోడలోని వాపును నిర్ధారించడానికి ముక్క తీయాల్సిందే. ఎండోస్కోపీతో తీస్తే కోత ఉండదు, కానీ గొట్టం చిన్నపేగు మధ్యభాగానికి చేరదు, తీసే ముక్కలూ పైపొరవే. ఆపరేషను చేసి తీస్తే గోడ మొత్తం మందాన ముక్క దొరుకుతుంది, మానడానికి సమయం పడుతుంది. ఆల్బుమిన్ బాగా తగ్గిన కుక్కకు కోత మానడమే సందేహం. ఏ దారిలో వెళ్లాలో నిర్ణయించే ముందు, "ఈ ఫలితం వస్తే వైద్యం ఏమిటి, అది రాకపోతే ఏమిటి?" అని అడగండి. రెండింటికీ ఒకే జవాబు వస్తే ఆ పరీక్ష ఇప్పుడే అక్కరలేదేమో.

ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలనిపిస్తే ఫలితాల సారాంశం ఒక్కటే కాకుండా అసలు రిపోర్టులన్నీ అడిగి తీసుకోండి. మత్తు ఇచ్చి చేసిన పరీక్షను కాగితం దొరకలేదని రెండోసారి చేయించడం ఆ ప్రాణికి అన్యాయం. జబ్బు పేరు తెలిసి మందు మొదలయ్యాక కూడా వారం వారం తూకం వేయండి. ఎన్ని రోజుల్లో ఏ మార్పు కనిపించాలో, కనిపించకపోతే ఎప్పుడు మళ్లీ రావాలో డాక్టరును అడిగి ఆ తేదీని పుస్తకంలో రాసుకోండి.