డెక్ కట్టేటప్పుడు లాండ్స్‌తో మొదలుపెట్టండి

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట పోటీకి వెళ్లేముందు ఎవరైనా తమ డెక్ (ఆడబోయే కార్డుల కట్ట) చూపించి సలహా అడిగితే, నేను మొదట లాండ్స్ లెక్కపెడతాను. స్పెల్స్ అనే మిగతా కార్డులు వేయడానికి ఖర్చయ్యే మానా, అంటే శక్తి, ఇచ్చేవి ఈ లాండ్సే. చాలాసార్లు 19 లేదా 20 ఉంటాయి. మిగతా కార్డులు ఎంత బాగున్నా ఆ డెక్ ఎక్కువ దూరం వెళ్లదు. నచ్చిన స్పెల్స్ అన్నీ పేర్చుకుని, మిగిలిన ఖాళీలో లాండ్స్ సర్దడమే ఈ తప్పుకు మూలం. నేను తిరగేసి కడతాను: ముందు లాండ్స్, తర్వాతే స్పెల్స్.

1. నియమాలు చూసుకోండి. ఆడబోయే ఫార్మాట్‌లో (ఆట రకంలో) ఏ కార్డులు చెల్లుతాయో, ఏవి నిషేధించారో చూడండి. స్టాండర్డ్ లాంటి ఫార్మాట్లలో డెక్‌కు కనీసం 60 కార్డులు, సైడ్‌బోర్డ్‌కు (ఆటల మధ్య మార్చుకునే అదనపు కార్డులకు) గరిష్ఠంగా 15. బేసిక్ లాండ్స్ (మౌంటెన్, ఫారెస్ట్ లాంటి మామూలు లాండ్స్) తప్ప దాదాపు ఏ కార్డైనా నాలుగు కాపీలకు మించకూడదు. స్లీవ్స్ (కార్డుల తొడుగులు) వేస్తే అన్నీ ఒకే రకం, గుర్తులు పడనివి అయి ఉండాలి.

కనీసం 60 అన్నా, సరిగ్గా 60 మాత్రమే పెట్టండి. డెక్‌లో నాలుగు కాపీలున్న కార్డు మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 60 కార్డుల డెక్‌లో 40 శాతం, 70 కార్డుల డెక్‌లో 35 శాతం. మీ బెస్ట్ కార్డు చేతికి రాకుండా మీరే అడ్డం పడటం ఎందుకు?

2. ఎలా గెలుస్తారో ఒక్క వాక్యంలో రాయండి. "నాలుగైదు టర్న్‌లలో ప్రత్యర్థి 20 లైఫ్ తీసేస్తాను" అనో, "అతను వేసినవన్నీ ఆపి, చివర్లో ఒక పెద్ద క్రీచర్‌తో (పోరాడే జీవి కార్డుతో) ముగిస్తాను" అనో. ఒక్క వాక్యంలో రాయలేకపోతే మీ దగ్గర ఉన్నవి రెండు సగం డెక్‌లు.

3. లాండ్స్. ఇక్కడ తొందరపడొద్దు.

24తో మొదలుపెట్టండి. దాదాపు అన్ని స్పెల్స్ ఒకటి, రెండు మానాకే పడిపోయే వేగవంతమైన డెక్‌కు 21 లేదా 22 చాలు. ఆటను సాగదీసే డెక్‌కు 26. ఇక 20కి దిగేవాళ్లు ఈ లెక్క చూడాలి. 24 లాండ్స్ ఉన్నప్పుడు మొదటి చేతిలో (ఆరంభంలో తీసే ఏడు కార్డుల్లో) ఒకే లాండ్ రావడమో, అసలు రాకపోవడమో సుమారు ఏడు చేతుల్లో ఒకసారి జరుగుతుంది. 20 ఉన్నప్పుడు అదే నాలుగింట ఒకసారి. మల్లిగన్ (మొదటి చేతిని మార్చుకోవడం) ఉందిగా అంటారు. 2019 నుంచి ఉన్న పద్ధతిలో మళ్లీ ఏడు తీసుకుని చూడొచ్చు, నిజమే. కానీ ఒక కార్డు డెక్ అడుక్కి పోతుంది. ప్రత్యర్థి ఏడుతో ఆడతాడు, మీరు ఆరుతో.

"24 పెడితే అన్నీ లాండ్సే వస్తాయి" అనే మాట కూడా వింటుంటాను. మొదటి చేతిలో ఐదు, అంతకు మించి లాండ్స్ వచ్చే అవకాశం సుమారు 8 శాతమే. అలా వచ్చినా, తర్వాత తీసిన దాదాపు ప్రతి స్పెల్‌నీ వేయగలుగుతారు. ఒకే లాండ్‌తో కూర్చుంటే చేతినిండా కార్డులున్నా చూస్తూ ఉండాల్సిందే. నేను ఒక పోటీ ఆఖరి రౌండ్‌లో సరిగ్గా అలాగే ఓడిపోయాను. నా డెక్‌లో 21 ఉన్నాయి, 24 ఉండాల్సింది. ఆ రోజు నుంచి ఈ అంకె మీద బేరమాడను.

లానోవార్ ఎల్వ్స్ లాంటి మానా ఇచ్చే క్రీచర్స్‌ను లాండ్స్ కింద లెక్కేయొద్దు. దాన్ని వేయడానికే ముందు పచ్చ మానా ఇచ్చే లాండ్ కావాలి. పైగా ప్రత్యర్థి ఒక లైట్నింగ్ బోల్ట్ (దెబ్బకొట్టే స్పెల్) వేస్తే చాలు, అది పోతుంది.

సంఖ్య కుదిరాక రంగులు. మానాకు రంగులుంటాయి, స్పెల్ తన రంగు మానానే అడుగుతుంది. రెండు రంగులు చాలు. మూడో రంగు జోలికి పోవద్దు, ఒక్క మంచి కార్డు కోసం అసలే వద్దు. మొదటి టర్న్‌లోనే ఎరుపు స్పెల్ వేయాలనుకుంటే ఎరుపు ఇచ్చే లాండ్స్ 14 ఉండాలి. అప్పుడు మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి ఉండే అవకాశం 86 శాతం. 10 మాత్రమే ఉంటే అది 74కి పడిపోతుంది. ఎరుపు, పచ్చ డెక్‌లో 10 మౌంటెన్ (ఎరుపు), 10 ఫారెస్ట్ (పచ్చ), రెండు రంగులూ ఇచ్చే లాండ్స్ 4 పెడితే ఒక్కో రంగుకు 14 దొరుకుతాయి. ట్యాప్ అయి వచ్చే (వేసిన టర్న్‌లో మానా ఇవ్వని) లాండ్స్ నాలుగుకు మించితే వేగమైన డెక్ నెమ్మదిస్తుంది. ప్రత్యర్థి స్పెల్‌ను ఆపే కౌంటర్‌స్పెల్ లాంటిది రెండు నీలం మానా అడుగుతుంది. రెండో టర్న్‌కే అది సిద్ధంగా ఉండాలంటే లాండ్స్‌లో ఎక్కువ భాగం నీలానివే కావాలి.

4. మిగిలిన 36. మీ ప్లాన్‌కు ప్రాణమైన కార్డులు నాలుగేసి పెట్టండి. ఒకటి, రెండు మానా కార్డులు ఎక్కువ, ఐదు దాటినవి మూడో నాలుగో.

5. పరీక్షించండి. ఒంటరిగా కూర్చుని 20 చేతులు తీసి చూడండి. ఏ కార్డు పదేపదే చేతిలో మిగిలిపోతోందో అది తీసేయండి. లాండ్ మాత్రం తీయొద్దు.

6. సైడ్‌బోర్డ్. మీరు ఎక్కువగా ఓడిపోయే డెక్‌లకు విరుగుడుగా 15 ఎంచుకోండి. ఒక్కో ప్రత్యర్థి డెక్‌కు ఏది లోపలికి, ఏది బయటికి అనేది ముందే కాగితం మీద రాసుకోండి. లోపలికి మూడు వస్తే బయటికి మూడు. ప్రతి ఆటకు ముందు 60 లెక్కపెట్టండి.