చెన్నై నుంచి ఒక్కరోజులో పులికాట్, నేలపట్టు పక్షులను చూసి రావడం ఎలా?

పులికాట్‌కి ఎప్పుడు వెళ్లాలని అడిగితే చాలామంది "జనవరి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజానికి నెల కన్నా నీళ్లు ముఖ్యం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానలే పులికాట్ సరస్సులోనూ నేలపట్టు చెరువులోనూ పక్షుల రాకను నిర్ణయిస్తాయి. అయితే రెండింటికీ కావలసిన నీటిమట్టం ఒకటి కాదు.

నేలపట్టులో చెరువు నిండాలి. చెరువులో పెరిగే కడప చెట్ల మొదళ్లు నీళ్లలో మునిగితే పిల్లులు, నక్కల లాంటివి గూళ్ల దగ్గరికి రాలేవు. ఆ ధైర్యం చిక్కాకే గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెడతాయి. పులికాట్‌లో లెక్క తిరగబడుతుంది. ఫ్లెమింగో ముక్కును తలకిందులుగా బురదనీటిలో పెట్టి, చిన్న జీవులను జల్లించి తింటుంది. నీళ్లు లోతుగా ఉంటే మేత అందదు. అందుకే వానలు బాగా పడిన ఏడాది డిసెంబర్‌లో సరస్సు నిండుగా కనిపించినా, ఫ్లెమింగోలు ఎక్కడెక్కడో చెదిరి ఉంటాయి. మట్టం తగ్గేకొద్దీ మిగిలిన పల్చటి నీళ్లలో గుంపులుగా చేరతాయి. రెండూ ఒకే రోజు చూడాలంటే జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా అనువైన కాలం. వానలు సరిగా పడని ఏడాది నేలపట్టు చెరువు ముందే ఎండిపోతుంది. బయలుదేరే ముందు సూళ్లూరుపేట వైపు తెలిసినవాళ్లకు ఫోన్ చేసి "చెరువులో నీళ్లున్నాయా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలు.

సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో జాతర చూడాలనుకుంటే సరే, పక్షుల కోసమైతే ఆ వారం వదిలేయండి. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజునూ అంతే. ఆ రోజు రోడ్డు మీద రద్దీ, భద్రత తనిఖీలే మిగులుతాయి.

ముందు సరస్సు, తర్వాత చెరువు

చెన్నై నుంచి రెడ్‌హిల్స్, గుమ్మిడిపూండి, తడ మీదుగా జాతీయ రహదారి 16 పట్టుకుంటే సూళ్లూరుపేట 80 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి కుడివైపు తూర్పుగా శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. నేలపట్టు మాత్రం అదే రహదారి మీద ఇంకో 20 కిలోమీటర్లు ఉత్తరాన, దొరవారిసత్రం దగ్గర ఉంది.

ఈ వరస మార్చకండి. తొమ్మిదిన్నర, పది దాటాక సరస్సు మీద ఎండ కాగి గాలి అలలు అలలుగా కదులుతుంది. అర కిలోమీటరు దూరంలో ఉన్న పక్షి ఎంత మంచి దుర్భిణిలోనైనా (బైనాక్యులర్స్) మసకగా, ఊగుతూ కనిపిస్తుంది. లోపం దుర్భిణిది కాదు, గాలిది. నేలపట్టులో పక్షులు దగ్గరగా ఉంటాయి, చెట్ల నీడా ఉంటుంది. పదిన్నరకు చేరినా నష్టం లేదు.

జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. తెల్లవారుజామున నాలుగింటికల్లా ఊరు దాటితే, వెలుగు వచ్చేసరికి సరస్సు దగ్గర ఉంటారు. దారిలో మంచు దట్టంగా ఉండవచ్చు, లారీలు ఎక్కువ. కాబట్టి ఇంకో అరగంట చేతిలో పెట్టుకోండి. రైలులో వెళ్లేవాళ్లు సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి సూళ్లూరుపేట లోకల్ ఎక్కాలి. చాలా లోకల్ రైళ్లు గుమ్మిడిపూండి దగ్గరే ఆగిపోతాయి, బోర్డు చూసి ఎక్కండి. తొలి రైలు ఎక్కినా కారువాళ్లకు దొరికే తొలి వెలుగు దొరకదు, అందుకే దిగగానే నేరుగా సరస్సుకే వెళ్లండి. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకునేటప్పుడు రాను పోను దూరంతో పాటు ఆగే గంటలు కూడా కలిపి బేరం ఆడండి. లేకపోతే మొదటి గుంపు దగ్గర ఆగగానే ఆటో అతను హారన్ మొదలుపెడతాడు. "నిన్న పక్షులు ఎటువైపు దిగాయి?" అని అతన్నే అడగండి. రోజూ ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లకు తెలిసినంత ఏ యాప్‌కూ తెలియదు.

టిఫిన్, బాత్రూమ్ పనులు సూళ్లూరుపేటలోనే కానిచ్చేయండి. సరస్సు రోడ్డు మీద ఏ వసతీ ఉంటుందనుకోవద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ ఉండాలి. తెల్లచొక్కా వద్దు. ఖాకీ, ఆకుపచ్చ, బూడిద రంగు ఏదైనా ఫర్వాలేదు.

రోడ్డు మీద ఎలా చూడాలి

చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపు వాలి ఉంటాడు. శ్రీహరికోట వైపు వెళ్తుంటే కుడిచేతి పక్కనున్న పక్షులన్నీ వెలుగుకు అడ్డంగా నల్లటి ఆకారాల్లా కనిపిస్తాయి. ఎడమచేతి పక్క, అంటే ఉత్తరం వైపు చూడండి. అటైతే వెలుగు మీ వెనక నుంచి పడి రంగులు తేలతాయి. బండి ఎడమ పక్కనే ఆపుతాం కాబట్టి అదీ కలిసొస్తుంది.

కారు దిగకండి. కారును పక్షులు పెద్దగా లెక్కచేయవు గానీ, తలుపు తెరుచుకుని మనిషి ఆకారం బయటపడగానే లేచిపోతాయి. ఇంజిన్ ఆపేసి, అద్దం దించి, కిలో బియ్యం పోసిన గుడ్డసంచి అంచున పెట్టి దాని మీద కెమెరానో దుర్భిణినో ఆనించండి. చెయ్యి వణకదు. దిగక తప్పకపోతే పక్షులు లేని వైపు తలుపు తీసి, కారు చాటున నిలబడండి. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం (షార్) ఉద్యోగుల బస్సులు ఈ రోడ్డు మీద వేగంగా వస్తాయి. సగం చక్రాలు తారు మీద ఉంచి ఆపడం ప్రమాదం. అలాగని మరీ కిందికి దించినా కష్టమే: సరస్సు అంచున పైపొర ఎండి గట్టిగా కనిపిస్తుంది, కింద బురద మెత్తగా ఉంటుంది. టైరు దిగిందంటే ట్రాక్టరే లాగాలి. కాలినడకన కూడా ఆ పొర మీదికి వెళ్లొద్దు.

షార్ గేటు దాటి లోపలికి పాస్ లేకుండా వెళ్లనివ్వరు. గేటు వైపు కెమెరా తిప్పకండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేసి రండి.

మొదటిసారి వచ్చినవాళ్లకు తరచూ ఎదురయ్యే నిరాశ: "గులాబీ రంగేదీ?" నిలబడిన ఫ్లెమింగో దూరానికి దాదాపు తెల్లగా కనిపిస్తుంది, పిల్ల పక్షులైతే బూడిద రంగులో ఉంటాయి. ఎర్రటి గులాబీ, దాని వెనక నలుపు, రెక్కలు విప్పినప్పుడే బయటపడతాయి. అంతదాకా ఓపిక పట్టండి గానీ, లేపడానికి చప్పట్లు కొట్టడం, రాళ్లు వేయడం చేయకండి. లేచిన ప్రతిసారీ మేత సమయం పోతుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. ఇంకో పొరపాటు ఎర్రకాళ్ల కొంగను ఫ్లెమింగో అనుకోవడం. దానికీ తోక దగ్గర గులాబీ ఈకలుంటాయి. ముక్కు చూడండి. పసుపు రంగులో పొడుగ్గా ఉంటే కొంగ, గులాబీ రంగులో మధ్యలో వంగి కొన నల్లగా ఉంటే ఫ్లెమింగో.

దుర్భిణి

కొంటే 8×42 కొనండి. ఎనిమిది అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. జేబులో పట్టే 10×25 తెల్లవారుజామున మసకగా చూపిస్తుంది. 42ను 8తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం 5 మిల్లీమీటర్ల పైన, 25ను 10తో భాగిస్తే రెండున్నరే. పన్నెండు, పదహారు రెట్లవి చేత్తో పట్టుకుంటే చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది.

సర్దుకునే పద్ధతి ఇది. కళ్లద్దాలు ఉన్నవాళ్లు రబ్బరు కప్పులను లోపలికి తిప్పుకోవాలి, లేనివాళ్లు బయటికి. రెండు గొట్టాలను దగ్గరికి, దూరానికి కదిపి ఒకే గుండ్రటి దృశ్యం వచ్చేలా చేయండి. కుడి గొట్టం ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, మధ్య చక్రం తిప్పుతూ ఎడమ కంటికి దూరపు స్తంభం స్పష్టంగా కనిపించేలా చూడండి. తర్వాత ఎడమది మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా కుడి కంటి దగ్గరి వలయాన్ని మాత్రమే తిప్పండి. ఇక మధ్య చక్రం ఒక్కటే వాడాలి. ఇంటిల్లిపాదికీ ఒకే దుర్భిణి అయితే, తాతయ్య చూశాక మనవడు చూస్తే మసకే కనిపిస్తుంది. ఎవరి కళ్లకు వాళ్లు మళ్లీ సర్దుకోవాలి. ఇదంతా ఒకసారి చెన్నైలోని పళ్లికరణై చిత్తడి నేలల దగ్గరో పెరుంబాక్కంలోనో సాధన చేసి వెళితే, అసలు రోజున తడబాటు ఉండదు.

నేలపట్టులో

ఈ అభయారణ్యాన్ని 1976లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. టికెట్ తీసుకుని లోపలికి నడిస్తే చెరువు కట్ట, వీక్షణ టవర్ వస్తాయి. టవర్ పైకి నలుగురైదుగురే ఒకసారి ఎక్కండి. ఎక్కువమంది ఎక్కి కదిలితే పలకలు అదిరి దుర్భిణిలో ఏదీ నిలవదు.

గూడబాతుల గూళ్లు ఒక్కో చెట్టు మీద గుంపుగా ఉంటాయి. ఏదో ఒక గూటిని ఎంచుకుని అక్కడే ఇరవై నిమిషాలు చూడండి. పెద్దది మేతతో తిరిగొస్తే, పిల్ల తల మొత్తం దాని ముక్కు సంచిలోకి దూర్చేస్తుంది. పైముక్కు అంచు వెంట చుక్కలు కనిపిస్తే సరిగ్గా గుర్తుపట్టినట్టే. పక్క కొమ్మల్లో ముక్కు మూసినా మధ్యలో సందు ఉండేది నత్తగుల్ల కొంగ. తెల్లటి ఒళ్లు, నల్లటి బోడితల, కొడవలి ముక్కు ఉన్నది తెల్లకంకణం. రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చునేది నీటికాకి.

ఇక్కడ అరుపుల వల్ల కలిగే నష్టం కంటికి కనిపించదు. బెదిరిన పెద్దవి లేచిపోతే గుడ్లు, ఈకలు రాని పిల్లలు ఎండకు మాడతాయి. ఆ కాస్త వ్యవధిలోనే కాకులు, గద్దలు ఎత్తుకుపోతాయి. గూట్లోంచి పిల్ల కింద పడి కనిపిస్తే చేత్తో తీయకుండా అటవీ సిబ్బందికి చెప్పండి. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందుగా అక్కడి పర్యావరణ విజ్ఞాన కేంద్రం చూపించి, ఆ తర్వాత కట్ట మీదికి తీసుకెళ్లడం మేలు. బొమ్మలో చూసిన పక్షిని చెట్టు మీద వెతుక్కునే పనిలో పడితే వాళ్లే నిశ్శబ్దంగా ఉంటారు.

తిరిగి బయలుదేరే ముందు పక్షుల లెక్క రాసుకోండి. గుంపులో పది పక్షులను లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో చూసుకుని, అలాంటి ముక్కలు గుంపులో ఎన్ని పడతాయో అంచనా వేయండి. చెట్ల మీద పక్షులను కాక గూళ్లను లెక్కపెట్టడం తేలిక. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో సరస్సుకూ చెరువుకూ వేరువేరు జాబితాలు పెట్టాలి, రెండూ కలిపేస్తే ఆ లెక్క ఎవరికీ పనికిరాదు. సిగ్నల్ నమ్ముకోకుండా అక్కడే ఫోన్‌లో దాచుకుని, ఇంటికి వచ్చాక పంపించవచ్చు.